ఒక్కొక్కటికా, మొత్తానికా?

కంప్యూటర్ ప్రోగ్రాములు వ్రాయడం నేర్చుకొనే విద్యార్థికి తొలి మాసాలలోనే ఎదురయ్యే సందేహం ఒకటున్నది. ఒక సంఖ్యను తీసుకొని ఒక ఫలితాన్నిచ్చే ప్రమేయానికి, సంఖ్యకు బదులుగా సంఖ్యల జాబితాను అందిస్తే ఏమవుతుంది? ప్రమేయం జాబితాలోని ప్రతి అంశంపైన విడివిడిగా పనిచేసి, ఫలితాలనన్నింటినీ మరొక జాబితాగా తిరిగి ఇస్తుందా? లేక జాబితానంతటినీ ఒకే వస్తువుగా గ్రహించి ఒకే ఫలితాన్నిస్తుందా? లేక జాబితా తనకు పనికిరాదని నిరాకరిస్తుందా? ఈ మూడును సంభవమే. ఏ ప్రమేయం ఏ తీరుగా నడుచుకుంటుందో పరీక్షించి తెలుసుకొనే పద్ధతిని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగు అధ్యాపకునికి ఈ విషయంతో పనేమిటని పాఠకులు అడుగవచ్చును. ఈ సందేహం కంప్యూటరుతో పుట్టినది కాదు. వైయాకరణులకు ఇది రెండువేల ఏండ్లకు పైబడిన పరిచయం. వ్యాకరణం చదువుకొన్నవానికి ఈ ప్రశ్న క్రొత్త వేషంలో వచ్చిన పాత చుట్టంవలె కనిపిస్తుంది.

మొదట ప్రమేయమంటే ఏమిటో అనుకొందాము. మన ఊళ్లలోని పిండిగిర్నిని తలచుకొంటే చాలును. పైన జొన్నలు పోస్తే క్రింద జొన్నపిండి వస్తుంది. గోధుమలు పోస్తే గోధుమపిండి వస్తుంది. ఇచ్చినదానిని బట్టి వచ్చేది నిర్ణయమవుతుంది. అయితే ముగ్గురు మూడు సంచులు తెచ్చి వరుసలో నిలిచినప్పుడు, ఎవరి గింజలు వారికి విడిగా పట్టవలెనా, అన్నీ కలిపి పోసి పట్టవలెనా అన్నది గిర్నికి తెలియదు. అది గిర్ని నడిపేవాడు ఎరిగి చేసే పని. కంప్యూటరు భాషలలో ఈ ఎరుకను కొన్నిచోట్ల భాషయే వహిస్తుంది, కొన్నిచోట్ల ప్రోగ్రాము వ్రాసేవానికి వదలివేస్తుంది. చిక్కంతా అక్కడనే.

తెలుగు వాక్యాన్ని చూడండి. "తల్లిదండ్రులకు నమస్కరించినాడు" అన్నప్పుడు "కు" అనే విభక్తి ప్రత్యయం సమాసం చివర ఒక్కసారి మాత్రమే వినిపిస్తుంది. కాని అర్థంలో అది తల్లికిని, తండ్రికిని వేర్వేరుగా అన్వయిస్తుంది; నమస్కారాలు రెండు. "తల్లిదండ్రులకు ఒక ఉత్తరం వ్రాసినాడు" అన్నప్పుడు అదే ప్రత్యయం, అదే సమాసం. కాని ఉత్తరం ఒకటే, అది ఇద్దరికిని కలిపి. రూపాన్ని మాత్రమే చూచి ఏది విడివిడిగానో, ఏది కలిపియో చెప్పడానికి వీలులేదు. ద్వంద్వ సమాసం చివర వినిపించే పదం అందలి ప్రతి పదంతోను విడిగా కలుస్తుందని సంస్కృత వ్యాఖ్యాతలు ఒక న్యాయం చెప్పినారు. ఆ న్యాయం ఎప్పుడు వర్తిస్తుంది, ఎప్పుడు వర్తించదు అనేదే ఆలోచించవలసిన విషయం.

పతంజలి తన మహాభాష్యంలో, పాణిని మొదటి సూత్రాన్ని చర్చిస్తూ, ఈ ప్రశ్ననే లేవనెత్తినాడు. ఆ, ఐ, ఔ అనే మూడింటికి వృద్ధి అని పేరు పెట్టితే, ఆ పేరు ఒక్కొక్క అక్షరానికా, మూడింటి సముదాయానికా? దానికి ఆయన లోకవ్యవహారం నుండి రెండు దృష్టాంతాలు చూపినాడు. దేవదత్తునికి, యజ్ఞదత్తునికి, విష్ణుమిత్రునికి భోజనం పెట్టుమని చెప్పితే, "ఒక్కొక్కరికి" అని విడిగా చెప్పకపోయినా ముగ్గురికిని వేర్వేరుగానే అన్నం పెడతారు. గర్గవంశీయులకు నూరు నాణెములు దండుగ విధించుమని చెప్పితే మాత్రం, రాజులు ధనాపేక్ష గలవారే అయినా, తలకొక నూరు వసూలు చేయరు. అందరికీ కలిపి నూరే. మొదటిది ప్రత్యేకం, రెండవది సముదాయం. నేటి ప్రోగ్రామరుల చర్చలలో నలుగుతున్న ప్రశ్నను క్రీస్తుకు పూర్వం రెండవ శతాబ్దపు వ్యాకరణ గ్రంథంలో ఇంత స్పష్టంగా చూడగలగడం సంతోషకరమైన విషయం.

మన భాష ఈ సందిగ్ధాన్ని తొలగించే ఉపాయాలను కూడ సమకూర్చుకొన్నది. "పిల్లలకు రెండు పండ్లు ఇచ్చినాను" అంటే సందేహం మిగులుతుంది. "రెండేసి పండ్లు ఇచ్చినాను" అంటే సందేహం లేదు. సంఖ్యకు చేరిన "ఏసి", దానికి తోడు "తలా", "చెరి", "ఒక్కొక్క" అనే మాటలు, క్రియను ప్రతి అంశం మీదికి పంచే సాధనాలు. దక్కనీ ఉర్దూలో "బచ్చోంకు దో దో కేలే దేవ్" అంటారు. అక్కడ సంఖ్యను రెండుసార్లు పలికి అదే పని సాధిస్తారు. ఉర్దూ గద్యంలో "ఫర్దన్ ఫర్దన్" అంటే ఒక్కొక్కరుగా, "మజ్మూయీ తౌర్ పర్" అంటే మొత్తంమీద. మన కళాశాల విద్యార్థులకు రెండు భాషలును చెవికి పరిచితమే గనుక ఈ పోలిక వారికి కష్టం కాదు.

ఇది మాటల విలాసం మాత్రమే కాదనడానికి పాలమూరు జిల్లాయే సాక్ష్యం. మట్టిపనికి, ఆనకట్టల పనికి దేశమంతటా వలసవెళ్లిన పాలమూరు కూలీల గుంపులకు మేస్త్రీ ముందుగా కొంత సొమ్ము బయానాగా ఇచ్చేవాడు. "ఈ ఐదుగురికి వెయ్యి" అన్న మాటకు తలా వెయ్యి అని ఒక అర్థం, అందరికీ కలిపి వెయ్యి అని మరొక అర్థం. ఐదువేలకు, వెయ్యికి ఉన్న తేడా ఒక కుటుంబపు ఎండకాలపు తిండి. చదువురాని కూలి ఈ మాటను బాగా పరీక్షించియే బండి ఎక్కవలెను. చదువుకొన్న ప్రోగ్రామరు కూడ అంతే.

ఇక కంప్యూటరు వైపు వత్తాము. తొలినాటి భాషలలో జాబితాపై పని చేయించవలెనంటే, ఒకటవ అంశం, రెండవ అంశం, మూడవ అంశం అని వరుసగా తిరిగే ఆవృత్తిని ప్రోగ్రామరే వ్రాసుకొనేవాడు. ఫోర్ట్రాన్ 77 వరకు ఆ భాషలో ఇదే పద్ధతి. కెనడాలో జన్మించిన కెన్నెత్ ఐవర్సన్ అనే గణితవేత్త 1962లో ఒక గ్రంథం ప్రకటించి, దాని పేరుతోనే తరువాత ఎపిఎల్ అని ప్రసిద్ధమైన సంకేత భాషను ప్రతిపాదించినాడు. అందులో కూడిక, గుణకారం మొదలైన మౌలిక ప్రమేయాలు ఒక సంఖ్యపై ఎట్లా పనిచేస్తాయో, సంఖ్యల వరుసపైనా, పట్టికపైనా అదే గుర్తుతో, ఏ ఆవృత్తీ వ్రాయకుండానే పనిచేస్తాయి. ఆయనకు 1979లో ట్యూరింగ్ పురస్కారం లభించినది. ఆ భావం తరువాత అనేక భాషలలోనికి ప్రవహించినది. ఫోర్ట్రాన్ 90లో సైను, వర్గమూలం వంటి అంతర్గత ప్రమేయాలు జాబితాలను అంగీకరించినాయి; ఫోర్ట్రాన్ 95 వచ్చినప్పుడు ప్రోగ్రామరు తాను వ్రాసిన ప్రమేయానికి కూడ ఆ గుణాన్ని ఆపాదించే వీలు కలిగినది. 1988లో వెలువడిన మ్యాథమాటికాలో ఈ గుణానికి ప్రత్యేకంగా "లిస్టబుల్" అని పేరు పెట్టినారు. గణాంక శాస్త్రజ్ఞులు వాడే ఆర్ భాష, పైథాన్ భాషకు అనుబంధంగా వచ్చిన నంపై, ఎక్సెల్ పట్టికలు, ఇవన్నీ ఎంతో కొంత ఈ మార్గంలోనివే.

అయితే ఏ భాషలోను అన్ని ప్రమేయాలును ఒక్క తీరుగా ఉండవు. పైథాన్ గణిత విభాగంలోని వర్గమూల ప్రమేయానికి [1, 4, 9] అనే జాబితానిస్తే అది తప్పని ప్రకటించి ఆగిపోతుంది. నంపైలోని అదే పేరుగల ప్రమేయం 1, 2, 3 అని మూడు ఫలితాలనిస్తుంది. పేరు ఒకటే, నడత వేరు. ఆర్ భాషలో "ఎన్‌చార్" అనేది ఒక్కొక్క మాటలోని అక్షరాలను విడివిడిగా లెక్కించి చెబుతుంది. "లెంగ్త్" అనేది జాబితాలో ఎన్ని మాటలున్నవో మొత్తంగా చెబుతుంది. తెలుగు విద్యార్థులు ఇక్కడ ఇంకొక వింతను కూడ గమనించగలరు: "కవి" అనే మాటకు మన లెక్కలో అక్షరాలు రెండు, యంత్రం లెక్కలో మూడు, గుడిని అది వేరుగా ఎంచుతుంది. అది మరొక వ్యాసానికి తగిన విషయం.

కొన్ని ప్రమేయాలు స్వభావం చేతనే సముదాయానికి చెందినవి. మొత్తం, సగటు, గరిష్ఠం, అంశాల సంఖ్య అనేవి జాబితానంతటినీ చూడకుండా చెప్పగలిగేవి కావు. ఇవి గర్గులకు వేసిన దండుగ వంటివి. వర్గమూలం, సైను, సంఖ్య గుర్తును తొలగించడం వంటివి దేవదత్తాదుల భోజనం వంటివి. ఈ రెండు తెగలను గుర్తించడం సులభమే. సందేహమంతా మనమో, మరొకరో స్వయంగా వ్రాసిన ప్రమేయాల విషయంలోనే వస్తుంది.

పరీక్ష ఎట్లా చేయవలెను? మూలసూత్రం ఇది. ప్రమేయానికి జాబితాను ఒక్కసారిగా ఇచ్చి వచ్చిన ఫలితాన్ని ఒక ప్రక్క వ్రాసుకొనవలెను. అదే జాబితాలోని అంశాలను ఒక్కొక్కటిగా ఇచ్చి, వచ్చిన ఫలితాలను వరుసగా చేర్చి మరొక ప్రక్క వ్రాసుకొనవలెను. రెండును అన్ని విధాల సమానమైతే, ఆ జాబితా వరకు ప్రమేయం అంశవారీగా పనిచేసినట్లు. చెప్పడానికి ఇంతే. కాని ఈ పరీక్షలో విద్యార్థులు జారిపడే చోట్లు అనేకం ఉన్నవి.

తప్పు రాకపోవడమే నిదర్శనమని భ్రమపడడం అన్నింటికన్న సామాన్యమైనది. పైథాన్‌లో [1, 2, 3] అనే జాబితాను 2తో గుణిస్తే యంత్రం ఏ అభ్యంతరమూ చెప్పదు. కాని వచ్చేది 2, 4, 6 కాదు. 1, 2, 3, 1, 2, 3. జాబితాను రెండుమార్లు వ్రాయుమని అది అర్థం చేసుకొన్నది. యంత్రం మౌనంగా ఉన్నంత మాత్రాన మనం అనుకొన్నదే చేసినదని భావించరాదు. ఇట్టి మౌనం కంటె తప్పును బిగ్గరగా చెప్పి ఆగిపోయే ప్రమేయమే మేలని నా అభిప్రాయం.

ఫలితంలో అంశాల సంఖ్య సరిపోయినదని తృప్తిపడడం మరొక పొరపాటు. వరుస మొత్తాల ప్రమేయాన్ని తీసుకొనండి. [3, 5, 2] ఇస్తే 3, 8, 10 అని మూడు అంశాలే ఇస్తుంది. మొదటి అంశం కూడ సరిపోతుంది. కాని రెండవదానికి మొదటిది, మూడవదానికి ముందరి రెండును చేరినవి. ఇది అంశవారీ పని కాదు. జాబితాను చిన్నదాని నుండి పెద్దదానికి అమర్చే ప్రమేయానికి, ముందే క్రమంలో ఉన్న [2, 3, 5] ఇస్తే ఏమీ మారదు. పరీక్షకుడు దానిని ఏ మార్పూ చేయని నిర్దోషి ప్రమేయమని భ్రమపడవచ్చును. అందువలన పరీక్షించే జాబితా క్రమంలో ఉండరాదు.

ఒకే అంశమున్న జాబితాతో పరీక్షించడం దాదాపు పరీక్షించకపోవడమే. [7] అనే జాబితాలో మొత్తం 7, సగటు 7, గరిష్ఠం 7. ఒంటరిగా ఉన్నవానికి తలా ఒకటి ఇచ్చినా, అందరికీ కలిపి ఒకటి ఇచ్చినా తేడా ఏమి? సమానమైన అంశాలున్న జాబితా కూడ ఇంతే మోసకరం. ప్రతి అంశం నుండి జాబితా సగటును తీసివేసే ప్రమేయం ఒకటున్నదనుకొందాము. [4, 4, 4] ఇస్తే 0, 0, 0 వస్తుంది. ఒక్కొక్క 4ను విడిగా ఇచ్చినా, తన సగటు తానే గనుక, 0 వస్తుంది. పరీక్ష నెగ్గినది! అదే ప్రమేయానికి [1, 4, 10] ఇచ్చి చూస్తే సగటు 5. ఫలితం −4, −1, 5. విడివిడిగా ఇస్తే మాత్రం మళ్లీ 0, 0, 0. గుట్టు అప్పుడు బయటపడుతుంది. కనుక పరీక్షా జాబితాలో అంశాలు రెండింటికి మించి, పరస్పరం భిన్నంగా, క్రమం లేకుండా, ఋణ సంఖ్యలను కూడ కలుపుకొని ఉండవలెను. ఖాళీ జాబితాను కూడ ఇచ్చి చూడడం మంచిది. అంశవారీ ప్రమేయం ఖాళీ జాబితాకు ఖాళీ జాబితానే ఇస్తుంది. మొత్తం చేసే ప్రమేయం సున్న ఇస్తుంది. గరిష్ఠం చెప్పే ప్రమేయం చాలా భాషలలో చేతులెత్తివేస్తుంది.

దశాంశ సంఖ్యల విషయంలో ఒక చిన్న మినహాయింపు కలదు. యంత్రంలో లెక్క జరిగిన వరుస మారితే చివరి అంకెలలో అతి స్వల్పమైన భేదం రావచ్చును. కనుక అక్కడ సమానత్వాన్ని కొంత సడలింపుతో చూడవలెను.

ఇక సూక్ష్మమైన విషయం. మ్యాథమాటికాలో ప్రతి ప్రమేయానికి ఉన్న గుణాలను అడిగి తెలుసుకొనవచ్చును. "లిస్టబుల్" అనే గుణం ఆ పట్టికలో ఉన్నదా, లేదా అని చూస్తే సరిపోదా? సరిపోదు. ఒకడు ఒక సంఖ్యను తీసుకొని దాని వర్గానికి ఒకటి కలిపే ప్రమేయాన్ని వ్రాసినాడనుకొందాము. దానికి ఆ గుణం ప్రకటింపబడి ఉండదు. అయినా దానికి [1, 2, 3] ఇస్తే 2, 5, 10 వస్తుంది. కారణం, లోపలి ఘాతమునకు, కూడికకు ఆ గుణమున్నది. పైదానికి లేకపోయినా లోనివాటి వలన పని జరిగిపోయినది. బిరుదు లేకపోయినా విద్య ఉన్నవారివలె అన్నమాట. అదే మనిషి "సంఖ్య సున్నకన్న పెద్దదైతే ఒకటి, కాకపోతే సున్న" అని షరతు పెట్టి వేరొక ప్రమేయం వ్రాస్తే, జాబితా ఇచ్చినప్పుడు అది నిలిచిపోతుంది. "[1, −2, 3] సున్నకన్న పెద్దదా" అనే ప్రశ్నకు అవునని గాని, కాదని గాని ఒక్క మాటలో జవాబు లేదు గదా! ఆర్ భాషలో ఇట్టి షరతుకు జాబితానిస్తే, పూర్వం అది మొదటి అంశాన్ని మాత్రమే చూచి, ఒక హెచ్చరిక పలికి, ముందుకు సాగిపోయేది. 2022లో వచ్చిన 4.2.0 కూర్పు నుండి దానిని తప్పుగా పరిగణించి ఆపివేస్తున్నారు. ఒక్కని జవాబును అందరి జవాబుగా చెల్లించే ఆచారం పోవడం మంచిదే.

అన్నింటికన్న చిత్రమైనది స్థిర ప్రమేయం. ఏది ఇచ్చినా 5 అని జవాబిచ్చే ప్రమేయాన్ని ఊహించండి. [1, 2, 3] ఇస్తే అంశవారీగా 5, 5, 5 రావలెను. వచ్చేది ఒకే ఒక 5. అందులో జాబితాకు విరుద్ధమైన భాగం ఏదీ లేదు. ఇచ్చిన దానిని అది అసలు చూడనే లేదు, అంతే. నిజమైన ప్రోగ్రాములలో ఈ పరిస్థితి మారువేషంలో వస్తుంది. ఒక సూత్రంలోని గుణకాన్ని ఎవరో సున్న చేస్తారు, సూత్రం సంక్షిప్తమై చలరాశి మాయమవుతుంది; నిన్నటివరకు మూడు జవాబులిచ్చిన ప్రమేయం నేడు ఒక్కటే ఇస్తుంది.

దీనిని బట్టి తేలేదేమంటే, ప్రకటించిన గుణం వేరు, కనిపించే నడత వేరు. గుణాన్ని అడగడం వేగమైన పని, కాని ఆ గుణం లేనంత మాత్రాన ప్రమేయం అంశవారీ కాదని చెప్పలేము. నడతను పరీక్షించడం నమ్మదగిన పని, కాని ఎన్ని జాబితాలు పరీక్షించినా అవి పరిమితమే. ఒక్క విరుద్ధ ఫలితం చాలును ప్రమేయం అంశవారీ కాదని తేల్చడానికి. వేయి అనుకూల ఫలితాలు వచ్చినా అది సదా అంశవారీయే అనడానికి చాలవు. ఆ నిశ్చయం కావలెనంటే ప్రమేయపు నిర్వచనాన్ని తెరచి, అందులోని ప్రతి భాగమూ అంశవారీ అగునా, చలరాశి నిజంగా వాడబడినదా అని చదువవలసిందే. లేదా ఆ గుణాన్ని మనమే ఆపాదించవలెను. మ్యాథమాటికాలో ఒక ఆజ్ఞతోను, నంపైలో "వెక్టరైజ్" అనే సాధనంతోను ఆ పని చేయవచ్చును.

ఇంతవరకు ఒక జాబితాను గూర్చి అనుకొన్నాము. ప్రమేయానికి రెండు జాబితాలు ఇచ్చినప్పుడు మరొక ప్రశ్న వస్తుంది. మొదటి జాబితాలోని ఒకటవ అంశం రెండవ జాబితాలోని ఒకటవ అంశంతో, రెండవది రెండవదానితో జతపడునా? లేక ప్రతిదీ ప్రతిదానితో జతపడునా? దీనికి ఉదాహరణ వెదకడానికి దూరం పోనక్కరలేదు. గసడదవాదేశ సంధిలో క, చ, ట, త, ప అనే ఐదింటికి గ, స, డ, ద, వ అనే ఐదు వస్తాయి. తల్లి, తండ్రి కలిసి తల్లిదండ్రులైనప్పుడు "త"కు "ద" వచ్చినది. "గ" రాలేదు, "వ" రాలేదు. యణాదేశంలో ఇ, ఉ, ఋలకు య, వ, రలు వచ్చేదీ ఈ విధంగానే. సమాన సంఖ్యగల రెండు పట్టికలు చెప్పినప్పుడు వరుస ప్రకారం జత కలుపుకొనవలెనని పాణిని ఒక పరిభాషను ముందే విధించినాడు. కావ్యాలలో దీనినే యథాసంఖ్యమని, క్రమాలంకారమని అంటారు. ఆమె ముఖం, కన్నులు, పలుకు అని మూడు చెప్పి, చంద్రుని, కలువలను, తేనెను పోలినవని మూడు చెప్పితే, ఏది దేనికో చదువరి వరుసను బట్టి గ్రహిస్తాడు. ఉర్దూ, ఫారసీ అలంకార శాస్త్రాలలో ఇదే "లఫ్-ఓ-నషర్". వరుస తప్పకుండా ఉంటే "మురత్తబ్" అని, వరుస చెదిరి ఉంటే "గైర్ మురత్తబ్" అని రెండు భేదాలు. కవిత్వంలో వరుస చెదిరినా రసికుడు అర్థంతో సరిచేసుకొంటాడు. యంత్రానికి ఆ రసికత లేదు.

రెండు జాబితాల పొడవు సమానం కాకపోతే భాషలు భిన్నంగా నడుచుకుంటాయి. మ్యాథమాటికా తప్పని చెబుతుంది. నంపై కూడ, ఒకే అంశమున్న వరుసను సాగదీయడం వంటి నియమిత సందర్భాలలో తప్ప, అంగీకరించదు. ఆర్ మాత్రం పొట్టి జాబితాను మళ్లీ మొదటి నుండి తిప్పి వాడుకొంటుంది. [1, 2, 3, 4]కు [10, 20]ని కలిపితే 11, 22, 13, 24 వస్తుంది. పెద్ద పొడవు చిన్నదానికి గుణిజమైతే హెచ్చరిక కూడ రాదు. పరీక్షలో అసమాన జాబితాలను తప్పక చేర్చవలెననడానికి కారణమిదే.

విద్యార్థులకు బాగా తెలిసిన ఉదాహరణ మార్కుల పట్టిక. ఇంటర్మీడియెటులో ప్రతి పేపరులోను నూటికి 35 రావలెను. ఒక విద్యార్థికి శాతంలో 82, 75, 91, 34, 68 వచ్చినవనుకొందాము. సగటు 70. అయినా అతడు ఉత్తీర్ణుడు కాడు. నియమం అంశవారీ గనుక. ఈ లెక్కను ఎక్సెల్‌లో అరవైమందికి ఒకేసారి వేయబోయి, రెండు పేపర్ల నిలువు వరుసలను పూర్తిగా "అండ్" అనే ప్రమేయానికి అందిస్తే, అది అరవై జవాబులు ఇవ్వదు. అందరి మార్కులను కలిపి చూచి ఒకే జవాబిస్తుంది. ఒక్కడు తప్పితే అందరికీ తప్పే. 2018లో ప్రకటించిన క్రొత్త పద్ధతిలో ఎక్సెల్ సూత్రాలు జాబితాలను తామే పరచి చూపుతున్నా, "అండ్" నడత మాత్రం మారలేదు. దానికి బదులు రెండు షరతులను గుణకారంతో కలిపితే అరవై జవాబులు వస్తాయి; గుణకారం అంశవారీ ప్రమేయం గదా.

మార్కులలో జరిగిన పొరపాటును మరల లెక్కించి దిద్దుకొనవచ్చును. నీటి విషయంలో అట్లా కాదు. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు ప్రాంతాల భూగర్భజలంలోని ఫ్లోరైడు తరతరాల ఎముకలను వంచినది. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రామునకు మించరాదని, వేరొక నీరు దొరకని చోట 1.5 వరకు సహించవచ్చునని భారతీయ ప్రమాణం. ఒక ఊరిలో నాలుగు బోర్లు ఉన్నవని, వాటి పరిమాణాలు 0.6, 0.8, 0.7, 3.4 అని ఊహించండి. ఇవి లెక్కకొరకు నేను కల్పించిన అంకెలు. "1.5కు లోబడినదా" అనే ప్రమేయాన్ని సగటుకు వర్తింపజేస్తే, సగటు 1.375, జవాబు "లోబడినది". అంశవారీగా వర్తింపజేస్తే మూడు అవునులు, ఒక కాదు. ఆ నాలుగవ బోరు దగ్గర ఇండ్లున్నవారు సగటు నీరు త్రాగరు. తమ బోరు నీరే త్రాగుతారు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా నదీజలాలు ఊళ్లకు చేరినవి. అయినా బోరునీటిని వాడేచోట ఈ లెక్క అవసరం తీరలేదు.

నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు రూపొందించిన ఫ్లోరైడు నివారణ పద్ధతికి నల్లగొండ పద్ధతి అనే పేరు ప్రపంచమంతటా స్థిరపడినది. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి, కలియబెట్టి, తేర్చి, వడగట్టడం అందలి విధానం. పటిక మోతాదు రెండింటిపైన ఆధారపడుతుంది: నీటిలోని ఫ్లోరైడు, నీటి క్షారత. ఒకే ఫ్లోరైడు ఉన్న రెండు బోర్లకు క్షారత వేరైతే మోతాదు వేరు. సున్నం సాధారణంగా పటికలో ఇరవయ్యవ వంతు.

ఈ లెక్కను ప్రోగ్రాముగా వ్రాస్తే పైన చెప్పినవన్నీ ఒక్కచోట చేరుతాయి. సున్నపు లెక్క కేవలం భాగాహారం. జాబితానిస్తే చాలా పరికరాలలో అంశవారీగానే సాగుతుంది. పటిక లెక్క పట్టికలో అడ్డువరుస, నిలువువరుస చూచి చెప్పేది. లోపల "ఇంతకు మించితే, ఇంతకు లోబడితే" అనే షరతులుంటాయి. కనుక జాబితానిస్తే నిలిచిపోవచ్చును, లేదా మొదటి బోరు మోతాదునే అందరికీ అంటగట్టవచ్చును. నాలుగు బోర్లకు ప్రతిదాన్ని ప్రతిదానితో జతచేస్తే పదహారు మోతాదులు వస్తాయి. వాటిలో నాలుగు మాత్రమే నిజమైన బోర్లవి. పరీక్షకు ఎన్నుకొనే బోర్ల పట్టికలో ఫ్లోరైడు సమానమై క్షారత భిన్నమైన జంట ఒకటి, క్షారత సమానమై ఫ్లోరైడు భిన్నమైన జంట ఒకటి ఉండవలెను. ఒక్కొక్క బోరుకు చేతితో వేసిన లెక్కతో యంత్రం జవాబును పోల్చవలెను. మూడవ నిలువువరుసలో బోరు పేరు తప్పక ఉండవలెను. ఫ్లోరైడు ఎక్కువైనవి పైకి రావలెనని ఎవరైనా ఆ ఒక్క వరుసనే క్రమపరచితే, పట్టిక గైర్ మురత్తబ్ అవుతుంది, యంత్రం మాత్రం మురత్తబ్ అనుకొని లెక్క చెబుతుంది. కనుక క్రమం మార్చవలసి వస్తే మూడు వరుసలను కలిపియే మార్చవలెను.